పక్క వేషాల హనుమంతప్ప

వనజాక్షి సినిమా నేర్చుకున్నది టీవీ ముందు కూర్చునే. చిన్నప్పుడు సొంతూరు తనకల్లులో, పంచాయతీ ఆఫీసు టీవీలో సీరియల్ వస్తుందంటే చాప చంకన పెట్టుకుని పరిగెత్తేది. కథానాయకుడెవరో ఆమెకు పట్టేది కాదు. తలుపు తీసే పనిమనిషి, ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయే డాక్టరు, వీళ్ళనే రెప్ప వేయకుండా చూసేది. అందులో ఒకాయన ఒక సీరియల్లో గుమాస్తా, ఇంకోదాంట్లో పోస్టుమాన్. ఆయనే అనంతపురం హనుమంతప్ప.

పెద్దయి దర్శకురాలయ్యాక ఆయన్ను వెతికి పట్టుకుంది. సోలార్ కంపెనీకి నేల ఇవ్వనని మొండికేసే రైతు వేషం ఇచ్చింది. సినిమా మొత్తం ఆ రైతుదే.

బుక్కరాయసముద్రం దగ్గర వేరుశనగ చేలో షూటింగ్ జరుగుతుండగా నిర్మాత నరేంద్ర హైదరాబాదు నుంచి పేరున్న నటుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. రైతు వేషం ఆ నటుడికిచ్చి, హనుమంతప్పకు ఇంకేదైనా చిన్నది చూడమన్నాడు.

"ఆయప్ప మొగం ఎవురికి గుర్తుంటాదక్కా? టీవీలో వెనకాల నిలబడినోడు."

"వెనకాల వాళ్ళు నిలబడబట్టే ముందరోళ్ళు హీరోలైనారు నరేంద్రా. నేను మార్చను."

హనుమంతప్ప అప్పటికే తల రుమాలు విప్పేస్తున్నాడు. తన వల్ల గొడవ వద్దనీ, చిన్న వేషమైనా చాలనీ మెల్లగా చెప్పాడు. నరేంద్ర మాటకన్నా ఆ మెత్తదనమే వనజాక్షిని ఎక్కువ మండించింది.

"రుమాలు చుట్టుకో అన్నా. నువ్వు పోతే నేనూ పోతా."

నరేంద్ర లైట్లు, జనరేటరు వ్యాను తీసుకుని ఆ నటుడితో సహా వెళ్ళిపోయాడు. కెమెరామన్ ప్రణీత్ మాత్రం సొంత కెమెరాతో ఉండిపోయాడు. ఎండ ఉండగా లైట్లెందుకంది వనజాక్షి. కలుపు తీసే ఆడవాళ్ళను పిలిచి, తెల్ల పంచె నాలుగు కొసలూ పట్టించి, వెలుతురు హనుమంతప్ప మొహం మీద పడేట్టు నిలబెట్టింది.

కంపెనీ మనిషి వేషం వేసినతను నేల వదలమని అడిగాడు. హనుమంతప్పకు రాసిచ్చిన జవాబు పేజీడు. ఆయన అందులో ఒక్క మాటా చెప్పలేదు. వ్యాను వెళ్ళిపోయిన దారివైపు చూశాడు.

"నేను జరగనప్పా," అన్నాడు.

పంచె పట్టుకున్న చేతులు కదల్లేదు. వనజాక్షి కట్ చెప్పడం మరిచిపోయింది.

వనజాక్షి అప్పు చేసి పూర్తి చేసిన సినిమా అనంతపురంలో ఒకే హాల్లో ఆడింది. పోస్టరు మీద తెలిసిన మొహం ఒకటైనా ఉండాలని హాలు యజమాని పట్టుబట్టాడు. గోడంతా పట్టే పోస్టరు మీద హనుమంతప్ప మొహమే వేయించి, తెలియకుంటే ఇప్పుడు తెలుసుకోమని ఆ యజమానికి చెప్పి పంపింది వనజాక్షి.