వీపు చాలన్న సినిమా

ఫోను మోగక సలోమికి కాలు ఒకచోట నిలవడం లేదు. చర్చి వెనక సందులో ఉన్న ఆ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదని డాబా ఎక్కేది. ఎక్కాక తల్లి ఎలిశిబా పిలిచిందేమోనని మళ్లీ దిగేది. మంజీర నీళ్ల కోసం కొట్లాడిన దుర్గమ్మ అనే కూలి మనిషి కథను సినిమా తీస్తున్నానని దర్శకుడు చంద్రకాంత్ మెదక్ వచ్చినప్పుడు, సలోమి వెళ్లి ఆయన ముందు నటించి చూపింది. అంతా చూశాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నేను రాసుకున్న దుర్గమ్మ ఈ అమ్మాయే," అన్నాడు. ఆ మాట ఎలిశిబా వాడంతా చెప్పుకొచ్చింది.

సలోమి కొన్నేళ్లుగా హైదరాబాద్‌కు తిరుగుతోంది. పనిమనిషి, బిచ్చగత్తె, హీరో స్నేహితుడు పెళ్లిచూపుల్లో చూసి జడుసుకునే పిల్ల. దొరికినవన్నీ ఇవే. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకం వేసినా మరియమ్మగా ఎర్రగా ఉన్న పిల్లను నిలబెట్టి, ఈమెకు గొర్రెల కాపరి గొంగడి కప్పేవారు. నల్లగా ఉన్నావని ఎవరూ ముఖం మీద అనేవారు కాదు. కెమెరాకు ముఖం పట్టదనేవారు, లైటింగ్ కుదరదనేవారు. ఈసారి మాత్రం అటువంటి మాటేదీ రాలేదు.

చివరికి ఫోను వచ్చింది. దుర్గమ్మ వేషానికి కాదు, దుర్గమ్మ పక్కన ఉండే మనిషి వేషానికి. సలోమి డాబా మీద అటూ ఇటూ తిరిగి, చివరికి వస్తానంది.

దుర్గమ్మగా ముంబయి నుంచి ఇషిత అనే అమ్మాయిని తెచ్చారు. పాలమీగడలాంటి రంగు. మెదక్ లాడ్జిలో మేకప్ గదికి సలోమిని పొద్దున్నే పిలిపించారు. తనకూ మేకప్ వేస్తారు కాబోలని ముఖం కడుక్కుని వెళ్లి కూర్చుంది. మేకప్ మనిషి రమేశ్ ఆమె ముంజేతిని పట్టుకుని ఇషిత చెంప పక్కన ఆనించాడు. గిన్నెలో రంగు కలిపి ఆ చెంపకు పూశాడు, ఈ చేతి వైపు చూశాడు, మళ్లీ కలిపాడు. కాసేపటికి ఇషిత చెంప, సలోమి చెయ్యి ఒకే రంగుకొచ్చాయి. అప్పటి నుంచి రోజూ అదే పని. రమేశ్ చెడ్డవాడేం కాదు. పని అయ్యాక చాయ్ తెప్పించి ఇచ్చేవాడు. ఇషిత కూడా మంచిదే. తనకు భాష రాదు, జర నేర్పమని హిందీలో బతిమాలింది. సలోమి కెమెరా పక్కన నిలబడి మాటలు అందించేది, ఇషిత పెదవులు కదిపేది. ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చున్నా సలోమికి ముంజెయ్యి దురద పెడుతున్నట్టే ఉండేది.

ఏడుపాయల దగ్గర మంజీరలో ముఖ్యమైన సీను పెట్టారు. దుర్గమ్మ నడుంలోతు నీళ్లలోకి దిగి, ఒడ్డున జంకుతున్న ఆడవాళ్లను పిలవాలి. ఆడవాళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల నుంచి నిజం కూలి మనుషులనే తెచ్చారు. ఇషిత దిగింది. నీళ్లు మీదికి చిందగానే రంగు చారలు చారలుగా కారి, మెడ కింద తెల్లగా బయటపడింది. చంద్రకాంత్ తల పట్టుకున్నాడు. కాసేపటికి సలోమిని పక్కకు పిలిచి, దుర్గమ్మ చీర కట్టుకుని నువ్వు దిగు, కెమెరా వెనక నుంచి తీస్తుంది, వీపు కనిపిస్తే చాలన్నాడు.

"మొకం ఎందుకొద్దు సార్?"

ఆయన నది వైపు చూస్తూ, "నాకు కావాలమ్మా. డబ్బు పెట్టేవాళ్లకు వద్దు. పోస్టర్ మీద ఈ ముఖం ఉంటే జనం రారంటారు," అన్నాడు.

సలోమి చీర మార్చుకుంది. మొదటిసారి చెప్పినట్టే చేసింది. సహాయ దర్శకుడు చెయ్యి ఊపితే ఆడవాళ్లు దిగారు. మరోసారి కావాలన్నారు. ఈసారి నీళ్ల మధ్యకు వెళ్లాక ఆమె ఆగింది. ఒడ్డు వైపు ముఖం తిప్పింది. కెమెరా ఎదురుగా ఉంది.

"చేన్లు ఎండినంక ఇంక ఎవల మొకాలు చూస్కుంట కూసుందాం? నీళ్లు మనయి. దిగుండ్రి."

ఎవరూ చెయ్యి ఊపలేదు. ముందు పద్మమ్మ అనే పెద్దామె కుచ్చెళ్లు ఎగదోపి దిగింది. ఆమె వెనకే మిగతావాళ్లంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చి సలోమి చుట్టూ నిలబడ్డారు. కట్ చెప్పాలన్న సంగతి చంద్రకాంత్ చాలాసేపు మరిచిపోయాడు.

ఆయన ఆ ముక్కను చిన్న తెర మీద మళ్లీ మళ్లీ చూశాడు. చాలా గొప్పగా చేశావనీ, కానీ ఉంచలేననీ అన్నాడు. ఇషితకు గొంతు కూడా నువ్వే ఇవ్వాలి, డబ్బింగ్‌కు హైదరాబాద్ రమ్మన్నాడు.

తడి చీర పిండుకుంటూ సలోమి, "చెయ్యి ఇచ్చిన, వీపు ఇచ్చిన. గొంతు మాత్రం ఇయ్య సార్," అంది.

అలా అంటే ఇంకెవరూ పిలవరని ప్రొడక్షన్ మేనేజరు హెచ్చరించాడు. ఆయన అన్నట్టే నెలల తరబడి ఎవరూ పిలవలేదు.

సినిమా వచ్చింది. ఎలిశిబా పట్టుబట్టి మెదక్ థియేటర్‌కు తీసుకెళ్లింది. నది సీనులో తెర నిండా వీపు. గొంతు ఇంకెవరిదో, మాట యాస మన వైపుది కాదు. పక్క సీటులో తల్లి ఏడుస్తోంది. సలోమి కూర్చోలేకపోయింది, లేచి బయటికొచ్చింది. వెనకే ఎలిశిబా వచ్చింది.

"ఇగ బంద్ చేస్తవా బిడ్డా?"

సోమవారం హైదరాబాద్‌లో ఆడిషన్ ఉందని సలోమి చెప్పింది. కొత్తవాళ్లెవరో తీస్తున్నారట. మళ్లీ పనిమనిషి వేషమే.

"మల్ల గదేనా?"

"గదే. కానీ పోత అమ్మా. గా పనిమనిషికి పేరేందో అడుగుత, మాటలున్నయా అడుగుత. లేకుంటే లేచొస్త."

ఎలిశిబా కొంగుతో ముఖం తుడుచుకుని, తెల్లారుజాము బస్సుకైతే దారిలో తూప్రాన్ దగ్గర ట్రాఫిక్ ఉండదంది. సలోమి అప్పటికే ఫోనులో బస్సుల వేళలు చూస్తోంది.