డ్రమ్ములో మంచినీళ్ళు

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాయన కొండప్ప, అమ్మ త్రివేణి, నాయన చెల్లెలు రామాంజినమ్మ అత్త, అత్త మొగుడు దివాకర్ మామ, నాయననూ అత్తనూ కన్న మా అవ్వ చిన్నక్క, నేను. ఇల్లంటే మాది కాదు. సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో పని చేసేవాళ్ళకు ఇచ్చిన గది, వంటిల్లు, వెనక చిన్న వసారా. ముందు తలుపు తెరిస్తే ఇసుక, ఇసుక అవతల నీళ్ళు. చుట్టుపక్కల ఊరు లేదు, అంగడి లేదు. సరుగుడు చెట్లు, గాలి, అంతే.

మా ఊరు యాడికి అనే ఊరి పక్కన. మామది కూడా అక్కడే. ఈ రిసార్టు కట్టేటప్పుడు నాపరాళ్ళ లారీ తోలుకొని వచ్చి, ఇక్కడే ఉండిపోయి, బోటు నడపడం నేర్చుకున్నాడు. వచ్చిన టూరిస్టులను సముద్రంలోకి తీసుకుపోయి గాలాలు వేయిస్తాడు. ఈ ఏడు మా దగ్గర వాన పడలేదు. విత్తాల్సిన వేరుశనగ, మా చెనిక్కాయ, మూటల్లోనే ఉంది. నాయన పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని మబ్బుల వైపు చూస్తుంటే, మామ ఫోన్ చేసి, "ఇప్పుడు ఈడ గిరాకీ ల్యాదు బావా, మేనేజరు ఒప్పుకున్యాడు, అందరూ రాండి, చేపలు పడదాము" అన్నాడు. మాలో సముద్రం చూసినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ తాగే నీళ్ళు ఉప్పగా ఉంటాయని అత్త చెబితే, అవ్వ పట్టుబట్టి మా ఊరి నీళ్ళు రెండు క్యాన్లు నింపించింది. రైల్లో ఆ క్యాన్ల మీద కాళ్ళు చాపుకునే వచ్చింది.

వచ్చినప్పటి నుంచి నాకు కుదురు లేదు. మా ఊళ్ళో ఏదీ కదలదు. ఇక్కడ ఏదీ ఆగదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. అన్నం తింటూ కూడా తలుపు వైపే చూసేదాన్ని. బోటు ఎప్పుడు ఎక్కుతామని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడగలేకపోయేదాన్ని. నేను ఎవరినీ ఏదీ అడగను. బడిలో కూడా అంతే. అడగాలనుకున్నవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను.

అలాంటి నా మీద ఇంకొక పని పడింది. మా అవ్వ అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. మా వైపు పాతకాలం ఆడవాళ్ళంతా అంతే. అల్లుడు వస్తే తల మీద కొంగు కప్పుకుని తలుపు చాటుకు పోతారు. చెప్పాల్సింది ఉంటే మధ్యలో ఒకరి చేత చెప్పిస్తారు. మా ఊళ్ళో అయితే ఆ మనిషి అమ్మ. ఇక్కడ అమ్మా అత్తా కబుర్లలో పడ్డారు కాబట్టి నేను.

"మే గౌతమీ, మీ మామను అడుగు, ఈ నీళ్ళ మోత ఎప్పుడు నిలుస్తాదని."

మామ రెండడుగుల దూరంలో చొక్కా ఆరేసుకుంటున్నాడు. విన్నాడు. అయినా నేను చెప్పేదాకా ఆగాడు.

"అవ్వ అడుగుతాండాది మామా, మోత ఎప్పుడు నిలుస్తాదని."

"నిలిచేది ల్యాదని చెప్పు మీ అవ్వకు. రాత్రింబగళ్ళు ఇంతే."

"నిలవదంట అవ్వా."

"ఇనపడిందిలేమే. సెవుడా నాకు?"

ఆ పొద్దున మామ మాకు ఇసుకలో గాలం విసరడం నేర్పించాడు. దారం చివర ముల్లుకు బదులు సీసం గుండు కట్టాడు. నాయన విసిరితే గుండు వెనక్కి పోయి అత్త ఆరేసిన చీరలో చిక్కుకుంది.

"బావా, అది గాలం. గొర్రెకు ఏసే తాడు గాదు."

"పోప్పా. మూడేండ్ల కిందట లారీకి రివర్సు గేరు ఏయను రానోనివి. నాకు చెప్పొచ్చినావా?"

అందరూ నవ్వారు. తర్వాత గాలం కడ్డీ నా చేతికిచ్చారు.  నేను విసిరినప్పుడు దారం సన్నగా చప్పుడు చేస్తూ సాగిపోయి, గుండు తడి ఇసుక దాకా పోయి పడింది. మామ పోయి గుండు తెచ్చిచ్చాడు. "ఇంగోసారి ఏయి పాపా" అన్నాడు. మళ్ళీ అంతే దూరం పోయింది. "చూడు బావా, నోట్లో మాట ల్యాకపాయె గానీ చేతిలో ఉండాది దీనికి" అన్నాడు. అప్పటి నుంచి బోటు తప్ప నాకు ఇంకొక ఆలోచన లేదు.

బోటులో మామ కాక నలుగురికే లైఫ్ జాకెట్లు ఉన్నాయి. జాకెట్ లేకుండా ఎవరినైనా ఎక్కిస్తే ఉద్యోగం పోతుందని మామ ముందే చెప్పాడు. లెక్క ఎవరూ వేయాల్సిన పని లేకపోయింది, అవ్వే తప్పుకుంది కాబట్టి.

"నేను రానని చెప్పు మీ మామకు. ఆ నీళ్ళ మింద కూకోని నేనేం జేస్తా?"

నేను చెప్పాను. సంతోషంగా చెప్పాను.

మధ్యాహ్నం మామ నన్ను వెనక వసారాలోకి పిలిచాడు. అక్కడ నీలం డ్రమ్ము ఉంది. దాంట్లో సన్నటి గొట్టం నుంచి బుడగలు వస్తున్నాయి. బుడగల మధ్య వెండి రంగు చిన్న చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. చీకటితో లేచి నడుము లోతు నీళ్ళలో వల విసిరి పట్టినవి.

"ఇవి కవళ్ళు. ఎర. బతికుంటేనే పండుగప్ప చేప నోరు తెరుస్తాది. చచ్చింది ఏస్తే మూతి తిప్పుకోని పోతాది. ఈ బుడగలు నిలిచిపోతే పరుగెత్తుకోనొచ్చి నాకు చెప్పల్ల. అంతే నీ పని. రేపు తొలి గాలం నీదే."

తర్వాత వాళ్ళు నలుగురూ బోటు చూడ్డానికి పోయారు. అవ్వా నేనూ మిగిలాం. అల్లుడు లేడు కాబట్టి అవ్వ కొంగు దించుకుని వసారాలోకి వచ్చింది. డ్రమ్ములోకి తొంగి చూసింది.

"ఏందిమే ఇవి, నోళ్ళు తెరుచుకోని?"

"రేపటికి ఎరంట అవ్వా."

అవ్వ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, పక్కకు ఉమ్మింది. "థూ. కషాయం. ఈ నీళ్ళల్లో పెట్టినాడా వీటిని? ఎట్ల బతుకుతాయి?"

"సముద్రంలో బతికేవే గదా."

"ఆడ ఎట్లనో బతికినాయి. ఇప్పుడు మన చేతిలో ఉండాయి గదా. పట్టినంక బతికిచ్చేది మనమే గదా."

మా ఊరి చెరువు ఎండిపోయేటప్పుడు చివరికి నడుమ ఒక బురద గుంట మిగులుతుంది. దాంట్లో చేప పిల్లలు ఇలాగే నోళ్ళు తెరుస్తాయి. అవ్వ ఈడు ఆడవాళ్ళు బిందెలు తీసుకుపోయి, వాటిని ఎత్తుకొచ్చి బావిలో వదులుతారు. మళ్ళీ ఎప్పుడైనా చెరువు నిండితే, కొన్నింటిని తోడి చెరువులో వేస్తారు. విత్తనం దాచినట్టు. నా చిన్నప్పుడు అవ్వ వెంట నేనూ చెంబు పట్టుకుని పోయాను. మంచినీళ్ళలో పడగానే ఆ పిల్లలు తోక విదిలించి లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను. అందుకని అవ్వ చెబుతుంటే నాకు తప్పనిపించలేదు.

అవ్వ చెంబుతో ఉప్పు నీళ్ళు సగం పైగా తోడి పారబోసింది. లోపలికి పోయి మా ఊరి క్యాన్ ఒకటి దొర్లించుకుంటూ తెచ్చింది. మాకు అన్నం తినేటప్పుడు కూడా అర గ్లాసు కొలిచి పోసిన నీళ్ళు అవి. నేను క్యాన్ కింద చెయ్యి పెట్టి ఎత్తాను, అవ్వ వంచింది. క్యాన్ మొత్తం డ్రమ్ములోకి పోయింది.

చేపలు ఒక్కసారి గిరగిరా తిరిగాయి. తర్వాత నెమ్మదించాయి.

"చూడు, కుదురుకొన్యాయి" అంది అవ్వ.

ఒకటి పక్కకు ఒరిగింది. దాని పక్కది కూడా. బుడగలు వస్తూనే ఉన్నాయి. నేను బకెట్ పట్టుకుని సముద్రానికి పరుగెత్తాను. అల వచ్చి మోకాళ్ళ మీద కొట్టింది, బకెట్ చేతిలోంచి జారింది, మళ్ళీ పట్టుకున్నాను. సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి. మిగిలినవి పోసేసరికి డ్రమ్ము పైన తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. అవ్వ ఒక చేపను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దుతూ నిలబడింది.

తిరిగొస్తున్న వాళ్ళ మాటల్లో మామ గొంతు వినిపించగానే అవ్వ దాన్ని డ్రమ్ములో వేసి, కొంగు కప్పుకుని వంటింటి తలుపు వెనక్కి పోయింది.

మామ డ్రమ్ము చూశాడు. క్యాన్ చూశాడు. "ఎవురు పోసినారు మంచినీళ్ళు?" అన్నాడు.

నేను వంటింటి వైపు చూశాను. తలుపు సందులో అవ్వ చీర అంచు కనిపిస్తోంది. ఆమె మాట చెప్పాల్సింది నేనే. 'చెప్పుమే, నేనే పోసినానని' అని అవ్వ అంటుంది, నేను మామకు చెబుతాను, మామ అవ్వను ఏమీ అనలేడు, అయిపోతుంది. నోరు సిద్ధంగా పెట్టుకుని నిలబడ్డాను. తలుపు వెనక నుంచి ఏమీ రాలేదు. ఆమె చెప్పకుండా నేను చెబితే, అల్లుడి ఇంట్లో ఆమె తల ఎత్తుకోలేదు.

"నేనే" అన్నాను.

అమ్మ నా భుజం గిల్లింది. "టెన్తు చదివినావు, సముద్రం చేపకు మంచినీళ్ళు పోస్తారామే?" అన్నాడు నాయన. మామ డ్రమ్మును కాలితో తన్నాడు. చేపలన్నీ ఇసుకలో పడ్డాయి.

"పొద్దున నుంచి నడుము ఇరిగేలాగ పట్టినా. ఈ పిల్ల రేపు ఒడ్డునే ఉంటాది. బోటెక్కితే ఇంగేం పోస్తాదో."

వల భుజాన వేసుకుని ఎండలోనే పోయాడు. నేను చేపలను ఏరుతూ కూర్చున్నాను. కాకులు దిగాయి. తరిమితే పోయి మళ్ళీ వచ్చాయి. తల ఎత్తితే అవ్వ కనిపించింది. ఒక్కతే సముద్రం దగ్గరికి పోయి, చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచి ఆమె గడప దాటింది లేదు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. ఉమ్మింది. మళ్ళీ తీసుకుంది. పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. అమ్మ అన్నానికి పిలిచినా చాలాసేపు వెనక్కి తిరగలేదు.

సాయంత్రం మామ వచ్చాడు. పొద్దునంత కాదు గానీ, ఎరకు సరిపడా కవళ్ళు దొరికాయి. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి తిన్నాక కోపం కొంచెం తగ్గింది. అత్త నా వైపు చూసి మామ మోచేతిని పొడిచింది. పాపం, చిన్న పిల్ల అని గొణిగింది. మామ నన్ను పిలిచాడు.

"ఏం గౌతమీ. రేపు వస్తావా, ఈడ్నే ఉంటావా?"

నవ్వుతున్నాడు. వస్తాను అనాలి, అంతే. ఒక్క మాట.   మాట కూడదీసుకుంటూ ఉండగానే వంటింటి తలుపు వెనక నుంచి అవ్వ గొంతు వచ్చింది.

"మే గౌతమీ. మీ మామకు చెప్పు, నేనూ వస్తానని."

 జాకెట్లు నాలుగే అని అందరికీ తెలుసు. మామ నా వైపు చూశాడు. ఆయన విన్నాడు. అయినా నేను చెప్పేదాకా ఆగాడు.

"అవ్వ వస్తాదంట" అన్నాను.

"పెద్దామె నోరు తెరిచి అడిగితే కాదంటానా? రమ్మని చెప్పు."

"రమ్మంటాండాడు అవ్వా."

"అమ్మకు ఇంగొకసారి యాడ కుదురుతాది" అన్నాడు నాయన, నన్ను చూడకుండా. "నువ్వు చిన్నదానివి. తప్పు కూడా చేసినావు గదా." నేను ఉంటానులే, పిల్లను పోనీ, అంటుందేమోనని అమ్మ వైపు చూశాను. అమ్మ రొట్టెల గిన్నె మీద మూత పెడుతోంది. అత్త గ్లాసులు ఎత్తుతోంది. ఇద్దరూ నిన్నటి నుంచి బోటు గురించే మాట్లాడుకుంటున్నారు.

తెల్లవారుజామున నేను అందరికన్నా ముందు లేచాను. ఎందుకో తల దువ్వుకున్నాను, చెప్పులు చేత్తో పట్టుకున్నాను. మామ, నాయన డ్రమ్ము మోసుకుని ముందుగా పోయారు. అమ్మా అత్తా వాళ్ళ వెనక పోయారు. అవ్వ జాకెట్ తొడుక్కోవడం రాక నిలబడి ఉంది. నారింజ రంగు జాకెట్, దాని కింద తెల్ల చీర. నేను పోయి పట్టీలు బిగించాను. దగ్గరగా నిలబడి ఆమె ముఖంలోకి చూశాను. ఏదైనా అంటుందని చూశాను. ఆమె గడ్డం ఎత్తి, పట్టీ గుచ్చుకుందని సణిగింది. నేను ఇంకొంచెం వదులు చేశాను.

"నువ్వే పోసినావని నిన్న యాల చెప్పలేదు అవ్వా?" అన్నాను.

నా జీవితంలో నేను అడిగిన ప్రశ్నలు తక్కువ. ఇది అడిగాను.

అవ్వ చాలాసేపు పట్టీ సర్దుకుంది. "నీకు ఇంగా శానా కాలం ఉండాది లేమే" అంది చివరికి. "ఆడ నీళ్ళ నడుమకు పోతే ఎట్లుంటాదో చూసొస్తా. అంతే."

"బోటు దాకా నేనూ వస్తా."

"నువ్వు యాడికి? కుక్కలు తిరుగుతాండాయి. రొట్టెలు ఉండాయి లోపల."

నేను గడప మీదికి వచ్చాను. దూరంగా మామ బోటు ఇంజన్ తాడు లాగుతున్నాడు. అది రెండు సార్లు దగ్గి ఆగింది, మూడోసారి పట్టుకుంది. అవ్వ తలుపు చివర చెయ్యి వేసి, మెల్లగా నన్ను లోపలికి నెట్టి, తలుపు మూసేసింది.