గెలిచినవాళ్ల చాయ్

శుక్రవారం పొద్దున సుభాషిణి బీరకాయ తరుగుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతోంది. "నీ దివాళా పిటిషన్ ఇయ్యాల్నే వాదనకొస్తది రాయమల్లన్నా" అందో లేదో, దేవుడి గదిలో అత్త సమ్మమ్మ గంట ఆపేసింది.

"శుక్రారం పూట లచ్చిందేవి ముంగట గా మాటేందే? ఇల్లు మునుగాల్నా?"

ఇంట్లో సుభాషిణి పనికి పేరు లేదు. భార్య దివాళా కేసుల వకీలని చెప్పుకోవడం ఓంప్రకాశ్‌కు నామోషీ. చుట్టాలడిగితే "ఏదో, కిరాయి అగ్రిమెంట్లు రాస్తది" అని నవ్వేస్తాడు. ఆ నవ్వు ఆగకముందే ఆమె లేచి వాళ్లకు మంచినీళ్లు తేవాలి.

ఆ రోజు ఆమె గెలిచింది. నేతపనివాడికి మగ్గాలు చేతుల్లాంటివని, అప్పులవాళ్లు వాటిని జప్తు చేయకూడదని వాదిస్తే జడ్జి ఒప్పుకున్నాడు. రాయమల్లు దండం పెట్టాడు.

ఆ కోర్టు వకీళ్లకొక అలవాటుంది. గెలిచినవాళ్లు సాయంత్రం క్యాంటీన్లో అందరికీ చాయ్ తాపి, తమ వాదన మొదటినుంచీ చెప్పాలి. వినేవాళ్లు అడ్డుపడతారు, ఎగతాళి చేస్తారు, చివరికి భుజం తడతారు. సుభాషిణి గెలిచినప్పుడల్లా చాయ్ పైసలు తోటి వకీలు అఫ్సానా చేతిలో పెట్టి ఆటో ఎక్కేది. ఆమె చాయ్ అందరూ తాగారు. ఆమె వాదన ఒక్కరూ వినలేదు. దారిపొడుగునా తనకు తానే చెప్పుకునేది, ఎవరో అడ్డుపడినట్టు, తను బదులిచ్చినట్టు. ఇంటి మలుపు రాగానే పెదవులు బిగించుకునేది.

ఈసారి అఫ్సానా చెయ్యి చాపలేదు.

"నీ చాయ్ తాగి తాగి మాకే సిగ్గయితాందక్కా. జర కూసో."

"గా మగ్గాల పాయింటు యాడ దొరికిందమ్మా? చెప్తెనే తాగుత" అంటూ సీనియర్ రాజేశ్వర్ రావు గ్లాసు పక్కకు పెట్టాడు.

ఫోన్ మోగింది. ఓంప్రకాశ్.

"ఎక్కడున్నవ్? మా మేనత్తోళ్లు వచ్చిండ్రు. ఇంట్ల చాయ్ పెట్టేటోళ్లు లేరు."

బెంచీ మీద ఎవరో జరిగి చోటిచ్చారు.

"చాపత్తి డబ్బ స్టౌ పక్కనే ఉన్నది. మీరే పెట్టుర్రి" అని సుభాషిణి కూర్చుంది. గొంతు సవరించుకుంది.

"ముందుగాల జడ్జి నా మొఖమే చూడలే సార్..."