పద్నాలుగు మంది దిగి నడిచిన వంతెన

శాసనసభకు వెళ్లకముందు ఆర్లిస్ టోస్టెన్సన్ మా కౌంటీ రోడ్ల శాఖలో పదకొండేళ్లు ఫోన్లు ఎత్తింది. మంచు తోసే బండి ఇంకా రాలేదని రైతులు తిట్టే తిట్లన్నీ ఆమె చెవినే పడేవి. వేరొకరైతే విని ఊరుకునేవారు. ఆమె సాయంత్రం ఇంటికి పోతూ ఆ రోడ్డు సంగతేమిటో కళ్లారా చూసి మరీ వెళ్లేది. కౌంటీ పాలకమండలిలో పాత కమిషనరు పదవి వదిలేసినప్పుడు ఆమె పోటీకి నిలబడితే, తిట్టినవాళ్లే ఓట్లు వేశారు. పందొమ్మిది ఓట్ల తేడాతో గెలిచింది.

నా పేరు ఓర్విల్. అప్పట్లో స్కూలు బస్సు నడిపేవాణ్ణి. నా దారిలో స్కంక్ వాగు మీద పాత చెక్క వంతెన ఒకటుండేది. నిండు బస్సు బరువును అది మోయలేదని ఇంజనీరు అక్కడ బోర్డు పాతించాడు. అందుకని ప్రతిరోజూ బస్సు ఆపి పద్నాలుగు మంది పిల్లల్నీ దించేవాణ్ణి. వాళ్లు నడిచి దాటాక, ఖాళీ బస్సును మెల్లగా దాటించి అవతల ఎక్కించుకునేవాణ్ణి. జనవరిలో ఆ కాస్త నడకకే చిన్నపిల్లల కనురెప్పలకు మంచు పట్టేది.

కమిషనరైన మొదటి వారమే ఆర్లిస్ నా బస్సెక్కి, పిల్లలతోపాటు దిగి నడిచింది. కొత్త వంతెన కట్టే స్తోమత కౌంటీకి లేదు. రాష్ట్రాన్ని అడిగితే, రోజుకు వంద బండ్లు తిరిగే వంతెనలకే సాయం అన్నారు. మా వంతెన దాటేవి ఎనిమిది. ఆరేళ్లలో మూడుసార్లు రాసింది. మూడుసార్లూ అదే జవాబు.

ఒకరోజు పాక దగ్గరకు వెళ్లి భర్త ఐనార్‌తో, "అడ్డం పడేది రూలే అయితే, ఆ రూలు రాసేవాళ్ల దగ్గరికే పోవాలి" అంది.

పాలు పితుకుతున్న ఐనార్ తల ఎత్తనైనా లేదట. "పో. కానీ ఈ ఆవుల ఓట్లు మాత్రం నావే."

ఆవుల సహాయం లేకుండానే శాసనసభకు గెలిచింది.

రాజధానిలో రోడ్ల కమిటీకి డెల్మర్ క్విస్ట్ అనే పెద్దమనిషి ఇరవై ఆరేళ్లుగా అధ్యక్షుడు. మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు. వంతెనల రూలు మార్చాలన్న ఆర్లిస్ బిల్లుకు ఆయన మూడు నిమిషాలిచ్చాడు. అంతా విని, "ఎనిమిది బండ్ల కోసం ఒక చట్టమా అమ్మా?" అన్నాడు. కమిటీ అంతా నవ్వింది. ఆర్లిస్ కూడా నవ్వేసి, మా చర్చిలో ఆడవాళ్లు ఆపిల్ పై అనే తీపి వంటకం చేస్తున్నారని, అందరూ భోజనానికి రావాలని పిలిచింది. ఆపిల్ పై పేరు చెవిన పడగానే తొమ్మిది మంది ఒప్పుకున్నారు.

మార్చి మొదట్లో వచ్చారు. ఊళ్లో దిగగానే ఆర్లిస్ వాళ్లను నా బస్సెక్కించి, చర్చికి స్కంక్ వాగు దారిన తీసుకెళ్లమంది. వంతెన ముందు ఆపి, తలుపు తీసి, దిగమన్నాను. ఎనిమిది మంది దిగారు. క్విస్ట్ కదల్లేదు.

"నేనొక్కణ్ణే కదయ్యా, పోనివ్వు."

"కుదరదండీ. రెండో తరగతి పిల్లలే నోరెత్తకుండా దిగుతారు."

ఆయన నా వంక గుర్రుగా చూసి దిగాడు. పల్చటి బూట్లు, కింద నున్నటి మంచు. ఒకరి చొక్కా చెయ్యి ఒకరు పట్టుకుని, చట్టాలు చేసేవాళ్లంతా బాతుల్లా నడిచారు. వంతెన మధ్యలో క్విస్ట్ జారి కూలబడ్డాడు. ఎవరూ నవ్వే సాహసం చేయలేదు. ఆర్లిస్ చెయ్యి అందించింది. ఆయన లేవకుండా అక్కడే కూర్చుని, చెక్కల సందుల్లోంచి కిందనున్న వాగును కాసేపు చూశాడు.

"పిల్లలు రోజూ దీని మీదేనా నడిచేది?"

"రోజుకు రెండుసార్లు."

చర్చిలో ఆయన ఆపిల్ పై రెండు ముక్కలు తిన్నాడు. కాఫీ వచ్చాక ఆర్లిస్‌ను పిలిచాడు. "బిల్లులో బండ్లు అన్నచోటల్లా మనుషులు అని రాయి. బస్సులో పద్నాలుగు మంది ఉంటే పద్నాలుగూ లెక్కే. వంద అన్న అంకె తీసేసి, స్కూలు దారికి ముందు వరస ఇవ్వు."

"మీరు చదవనే లేదన్నమాట. అందులో రాసింది అదేనండీ" అంది ఆర్లిస్.

క్విస్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నీ పేరు కింద నా పేరు కూడా రాయి" అన్నాడు.

ఏప్రిల్‌లో బిల్లు నెగ్గింది. మరుసటి వేసవికి మా వాగు మీద కాంక్రీటు వంతెన లేచింది. మొదటి రోజున నేను ఆగకుండా పోతుంటే, వెనక పిల్లలంతా అలవాటు కొద్దీ సంచులు తగిలించుకుని లేచి నిలబడ్డారు. కూర్చోమని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. వంతెన దాటాక ఒకటే కేకలు.

ఆర్లిస్ ఇప్పుడు ఏడోసారి సభలో ఉంది. ఈ ఏడాది పల్లెటూళ్లకు అంబులెన్సులు తెచ్చే పని మీద పడింది. మొన్న రేడియోలో విన్నాను. మీ సమయం అయిపోయిందని సభాపతి రెండుసార్లు చెప్పాడు. ఆమె ఆయనకు ధన్యవాదాలు చెప్పి, మాట్లాడుతూనే ఉంది.