బొంతల లారీ

ఆస్ట్రేలియాలోని జిందబైన్ ఊరు దాటాక కొండదారి మొదలయ్యే చోట రుమానా లారీని పక్కకు ఆపింది. వెనక టైర్లకు ఇనుప గొలుసులు బిగించి, చేతి తొడుగులు దులుపుకుని, ఒకసారి తలెత్తి చూసింది. మంచు తుపాను సాయంత్రానికి గానీ రాదని రేడియో పొద్దుటినుంచీ చెబుతోంది. ఎదురుగా ఉండాల్సిన కొండలు మాత్రం అప్పుడే మాయమైపోయాయి. తొందరగా సరుకు దించేసి తొందరగా వెనక్కి తిరగాలనుకుంటూ స్టీరింగ్ ముందుకు ఎక్కింది.

లారీ నిండా బట్టలే. చలికాలంలో మంచు మీద జారడానికి వచ్చేవాళ్లు దిగే హోటళ్లకు ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్లు, డూనాలు చేరవేసి, మాసినవి తెచ్చుకోవడం ఆమె ఉద్యోగం. డూనా అంటే ఇక్కడి బొంత. పాత చీరల బదులు లోపల బాతు ఈకలుంటాయి, అంతే తేడా.

కడపలో ఆమె తండ్రి తాజ్‌కి రెండు లారీలుండేవి. నాపరాళ్లు మద్రాసుకి తోలేవాడు. ఇంటర్ సెలవుల్లో రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆవరణలోనే కూతురికి లారీ నేర్పాడు. ఆడపిల్లకి ఇదేం చదువని చుట్టాలు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. పెళ్లయ్యాక భర్త నవీద్ వైటూకే పని మీద, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా సరిచేసే పని మీద, సిడ్నీ వచ్చాడు. టూంగాబీలో కాపురం పెట్టారు. రెండువేల సంవత్సరం ఏ కంప్యూటరూ ఆగకుండా సద్దుచేయకుండా వచ్చేసింది. నవీద్ కాంట్రాక్టు కూడా అలాగే సద్దుచేయకుండా అయిపోయింది. అతను కొత్త పని వెతుక్కుంటున్న ఆ నెలల్లో రుమానా పెద్ద బండ్ల లైసెన్సు సంపాదించింది. అతనికి కాన్‌బెర్రాలో వెబ్‌సైట్ల పని దొరికి పక్కనున్న క్వీన్‌బియన్‌కి మకాం మార్చాక, అక్కడి లాండ్రీలో డ్రైవర్‌గా చేరింది. ఆమెకు ఆ పని నచ్చింది. ఈ పనెందుకని ఎవరడిగినా అదే జవాబు.

కొండ సగం ఎక్కేసరికి తుపాను వచ్చి మీద పడింది. మంచు పైనుంచి కాకుండా పక్కలనుంచి కొడుతోంది. రోడ్డు అంచు తెలియడానికి పాతిన నారింజరంగు గుంజలు ఒక్కొక్కటే ఎదురుపడి వెనక్కి పోతున్నాయి. వాటినే పట్టుకుని నెమ్మదిగా పోనిచ్చింది. ఇంతలో డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో గరగరలాడింది. ముందు బ్రెడ్డు లారీ తోలుకుపోతున్న మర్వ్ గొంతు అది. ఆ దారిలో ఆమెకు మొదటినుంచీ తోడున్న ముసలి డ్రైవర్ అతను. తన ముందు ఒక బస్సు జారి రోడ్డుపక్క కాలువలోకి వాలిందని, నిదానంగా రమ్మని చెప్పాడు.

అతని లారీ వెనక ఎర్రదీపాలు కనబడగానే ఆమె ఆపింది. ఆపిన కాసేపటికే వెనకెక్కడో ఫెళ్లుమని చప్పుడైంది. మంచు బరువుకి యూకలిప్టస్ చెట్టొకటి రోడ్డుకడ్డంగా కూలింది. ఇక వెనక్కి దారి లేదు.

మర్వ్ రేడియోలో కింద ఊళ్లోని రోడ్డు సిబ్బందిని పట్టుకుని మాట్లాడాడు. మంచు తోసే బండి బయల్దేరాలంటే ముందు ఆ చెట్టు కోయాలి. గాలి తగ్గితే గానీ కోసేవాళ్లు రాలేరు.

రుమానా కోటు బిగించుకుని బస్సు దగ్గరికి వెళ్లింది. తలుపు తీయగానే తెలుగు మాటలు చెవిన పడ్డాయి. సిడ్నీ తెలుగువాళ్లు, కెల్లీవిల్, టూంగాబీ కుటుంబాలు కలిసి మంచు చూడటానికి వచ్చారు. పొగగొట్టం మంచులో కూరుకుపోయిందని, ఇంజను వేస్తే విషవాయువు లోపలికొస్తుందని బస్సు డ్రైవర్ ఇంజను ఆపేశాడు. అది సరైన పనే. కానీ ఇంజనుతోపాటు హీటరూ ఆగింది. పిల్లల పెదవులు నీలం తిరుగుతున్నాయి.

"ఇక్కడ బాధ్యత ఎవురు చూస్తాండారు?" అని ఆమె తెలుగులో అడిగేసరికి బస్సులోని తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

శివప్రసాద్ అనే అతను లేచాడు. ఆ ట్రిప్పు ఏర్పాటు చేసినవాడు, బ్యాంకులో ప్రోగ్రామర్. "నేనేనండీ. హెల్ప్ ఎప్పటికొస్తుందో ఏమైనా తెలిసిందా?"

"టైం పడతాది. అంతదాకా చలి లోపలికి రాకుండా చూసుకుందాం. నా లారీలో హోటల్ డూనాలుండాయి. గట్టిగా ఉండే నలుగురిని నాతో పంపండి."

హోటల్, డూనా అన్న మాటలు విని బస్సు డ్రైవర్ సంశయించాడు. అవి హోటల్ వాళ్ల సరుకు కదా, కంపెనీ ఒప్పుకుంటుందా అని ఇంగ్లీషులో అడిగాడు.

"నా బండిలో ఉన్నంతసేపు దానికి జవాబుదారీ నేనే" అంది రుమానా. అప్పటికే మెట్లు దిగుతోంది.

లారీ తలుపు తీసి ప్లాస్టిక్ చుట్టలు ఒక్కొక్కటే అందించింది. శివప్రసాద్, మరో ముగ్గురు, చివర మర్వ్, వరసగా నిలబడి గాలికి వీపు పెట్టి చేతులు మార్చుకుంటూ బస్సుదాకా చేర్చారు. తువ్వాళ్లు కిటికీల సందుల్లో కుక్కారు. దుప్పట్లు అద్దాలకు కట్టారు. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి డూనాల్లో చుట్టేశారు. మర్వ్ తన లారీలోంచి బన్నుల ట్రేలు దించాడు. ఎవరో ఫ్లాస్కులో మిగిలిన టీ తీశారు. "స్మెల్స్ లైక్ హోటల్" అని ఒక చిన్నపిల్ల బొంతలోంచి అనేసరికి పెద్దవాళ్లు నవ్వారు. బస్సు ఎక్కాక ఆమె విన్న మొదటి నవ్వు అదే.

బన్నులు పంచుతుంటే ముందు వరసలోని శ్యామసుందరి అనే పెద్దావిడ తీసుకోలేదు. కిటికీకి కట్టిన దుప్పటి పక్కకు లాగి బయటికే చూస్తోంది.

"ఏమైంది ఆంటీ?"

"మా వారు దిగారమ్మా. షుగరు కదా, ఆగలేక దిగారు. ఇప్పుడే వస్తానన్నారు. మీరు సామాన్లు మోస్తున్నవాళ్లలో ఉన్నారేమో అనుకున్నాను. లేరు."

ఆవిడ భర్త కేశవరావు సామాన్లు మోసిన వరసలో లేడు. శివప్రసాద్ మొహం పాలిపోయింది. వెంటనే తలుపు వైపు కదలబోయాడు. రుమానా చేయి అడ్డంపెట్టింది.

"ఒట్టి చేతులతో పోతే మీ కోసం కూడా వెతకాల్సొస్తాది. తాడు తెస్తా ఉండండి."

సరుకు బిగించే తాడు లారీలో చుట్టలుగా ఉంది. ఒక కొస నడుముకి కట్టుకుని, లారీ సరుకుకి మోకు కట్టేటప్పుడు వేసే ముడి వేసింది. ఎంత లాగినా జారని ముడి అది. రెండో కొస శివప్రసాద్‌కి ఇచ్చింది.

"మూడుసార్లు లాగితే దొరికినట్టు. ఆపకుండా గట్టిగా లాగితే నన్ను వెనక్కి గుంజండి. ఏం జరిగినా వదలొద్దు."

"వదలను. మీరు వెళ్లండి" అన్నాడతను. తాడుని మోచేతికి రెండు చుట్లు చుట్టుకుని బస్సు మెట్టుకి కాళ్లు అదిమిపెట్టి నిలబడ్డాడు. మర్వ్ తన లారీ ఎక్కి ఆగి ఆగి హారన్ కొట్టసాగాడు.

నాలుగడుగులు వేసేసరికి బస్సు కనబడకుండా పోయింది. పైనా కిందా ఒకటే తెలుపు. ఆమె మొదటి గుంజ దాకా వెళ్లి దాన్ని కావలించుకుంది. అక్కణ్నుంచి రెండోదానికి. "అంకుల్" అని పిలిస్తే గాలి ఆ పిలుపుని నోట్లోనే కుక్కేస్తోంది. మూడో గుంజ దగ్గర ఎవరూ లేరు. తాడు బిగుసుకుపోయింది. రెండుసార్లు మెల్లగా కదిపితే అవతల శివప్రసాద్‌కి అర్థమై ఇంకొంచెం వదిలాడు.

నాలుగో గుంజ లావుగా కనిపించింది. దగ్గరికెళ్తే దాని మొదట్లో కేశవరావు కూలబడి, రెండు చేతులా గుంజని వాటేసుకుని ఉన్నాడు. కనుబొమల నిండా మంచు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"వచ్చారా" అన్నాడు, రావలసిన బస్సు వచ్చినట్టు. "దారి తప్పానని తెలియగానే కదలకూడదనుకున్నానమ్మా. కరెంటాఫీసులో చేశాను. స్తంభం వదలొద్దురా అని మా లైన్‌మెన్‌కి జీవితమంతా చెప్పినవాణ్ని, నేనెలా వదులుతాను?"

"బాగా చేసినారు అంకుల్. ఇప్పుడు స్తంభాన్ని వదిలి నన్ను పట్టుకోండి."

ఆయన వేళ్లు ముడుచుకుపోయి విడిపోలేదు. ఒక్కొక్క వేలూ ఆమే ఊడదీసి, ఆయన చేతులు తన భుజాల మీదుగా వేసుకుని, తాడు మూడుసార్లు లాగింది. అవతలినుంచి ఒకడు కాదు, చాలామంది లాగుతున్నారని తాడు బిగువులోనే తెలిసింది. గుంజల్ని ఒక్కొక్కటే దాటుకుంటూ, హారన్ దగ్గరవుతున్నకొద్దీ ఆయన బరువు ఆమె వీపు మీద పెరుగుతుండగా, ఇద్దరూ బస్సు మెట్ల మీద పడ్డారు.

తడి బట్టలు విప్పి తువ్వాళ్లతో తుడిచి ఆయన్ని డూనాల్లో చుట్టారు. కాలివేళ్లు తెల్లబడిపోయాయి. శ్యామసుందరి ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని చీర కొంగుతో కప్పి కూర్చుంది.

ఇంకా వెలుగుండగానే గాలి తగ్గింది. చెట్టు కోసే రంపాల మోత, ఆ వెనకే మంచు తోసే బండి పసుపు దీపం వచ్చాయి. పిల్లల్ని, మిగతావాళ్లని దించడానికి కిందినుంచి చిన్న బస్సు పంపుతున్నారు. కేశవరావుకి మాత్రం అంతసేపు ఆగడం మంచిది కాదు. రుమానా క్యాబిన్‌లో హీటరు పూర్తిగా పెట్టి, భార్యాభర్తలిద్దర్నీ పక్కన ఎక్కించుకుంది. చోటుచేసుకుని లారీని వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. మర్వ్ వెనక నిలబడి చేతులూపుతూ అంగుళం అంగుళం దారి చూపాడు.

దిగుడులో బ్రేకు జోలికి పోకుండా చిన్న గేరులోనే దింపింది. ఒక మలుపులో వెనక చక్రాలు పక్కకు జారాయి. స్టీరింగ్‌ని జారిన వైపుకే కొద్దిగా తిప్పి సర్దుకుంది. శ్యామసుందరి కళ్లు మూసుకోలేదు.

"నువ్వు తాడు కట్టుకునేటప్పుడు నీ చేతులే చూశానమ్మా. వణకలేదు. అందుకే నేను ఏడవలేదు" అంది.

"లోపల వణికినాయి ఆంటీ. చేతులకి చెప్పలేదంతే."

కేశవరావు నవ్వాడు. "మా సుందరికి నడపడం నేర్పుతానంటే వినలేదు. ఇప్పుడు చూడు, ఎలా చూస్తోందో నీ గేర్లకేసి."

"ముందు మీరు ఊరుకోండి" అంది శ్యామసుందరి. అప్పుడు వచ్చాయి ఆవిడకి కన్నీళ్లు.

జిందబైన్ వైద్యశాలలో డాక్టరు వేళ్లన్నీ చూసి, ఏదీ పోదని, కొన్నాళ్లు మంటపెడతాయని చెప్పాడు. రుమానా అక్కడి ఫోనులోంచి లాండ్రీకి చేసింది. మేనేజర్ జూడీ ఎత్తింది.

సరుకంతా విప్పేశానని, హోటల్‌కి ఒక్క దుప్పటీ చేరలేదని, అడిగితే తన పేరే చెప్పమని రుమానా ఉన్నదున్నట్టు చెప్పింది. హోటల్ వాళ్లు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసి అరిచారని, తను మాట్లాడతానని, వాళ్లు ఊరుకుంటారో లేదో చెప్పలేనని జూడీ అంది. ఆ తర్వాత, అందరూ బాగున్నారా అని అడిగింది.

"బాగుండారు" అని తెలుగులో వచ్చేసింది రుమానాకి. సర్దుకుని ఇంగ్లీషులో చెప్పింది.

తర్వాత ఇంటికి చేసింది. నవీద్ మొదటి రింగుకే ఎత్తాడు. టీవీలో దారి మూసేశారని చూసి ఫోను పక్కనే కూర్చున్నాడట.

"ఎక్కడున్నావ్? నేను రానా?"

"రావద్దు, కింద కూడా ఐసు పట్టింది. ఈ రాత్రికి ఇక్కడే ఉంటా. అన్నం వండుకున్నావా?"

"లేదు."

"వండుకో. రేపు దారి తెరుస్తారంట. బస్సులో డూనాలన్నీ పైనే ఉండిపోయినాయి. పొద్దున పోయి తెచ్చుకోవాల."

ఫోను పెట్టేసి బయటికొచ్చింది. మంచు ఆగింది. లారీ చుట్టూ ఒకసారి తిరిగి గొలుసులు తడిమి చూసుకుంది. ఎడమవైపుది వదులైంది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మళ్లీ బిగించడం మొదలుపెట్టింది.