నడిమి గీత మాత్రం నిజం

మా కౌంటీ ఆఫీసులో నా ఉద్యోగం బొమ్మల చేత మాట్లాడించడం. వెబ్ పేజీలో బొమ్మంటే గోడమీది కేలెండరు లాంటిది, ఎంత నొక్కినా వేలు నొప్పి తప్ప ఏమీ రాదు. దానిమీద ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా నొక్కితే ఫలానా పేజీ అని కంటికి కనపడని గళ్లు పరవాలి. పదహారేళ్లుగా పరుస్తూనే ఉన్నాను. బొమ్మను నొక్కించడం నా పని, నిజాన్ని నొక్కేయడం మా పై అధికారి కార్లీన్ ప్రూట్ పని. ఇద్దరికీ జీతం నెల నెలా ఠంచనుగా వస్తుంది.

ఆ మార్చిలో తొమ్మిది ఊళ్ల బోరు నీళ్ల బొమ్మ పెట్టాం. పొలాల్లో చల్లిన ఎరువు భూమిలోకి దిగి, నీళ్లలో నైట్రేటుగా తేలుతుంది; అది చంటిపిల్లల రక్తానికి గాలి అందనివ్వదు. ఊరికొక అడ్డగీత. నైట్రేటు ఎంత ఎక్కువైతే గీత అంత పొడుగు. అన్నిటికంటే చెడ్డ నీళ్లు పైన, మంచివి అడుగున. గీతను నొక్కితే ఆ ఊరి పరీక్ష కాగితం తెరుచుకుంటుంది. ల్యాబు వాళ్లు కాగితంమీద ఊరి పేరు రాయరు, సీసా నంబరు మాత్రం వేస్తారు. బోర్ల పని కదా, బోరుకొట్టి త్వరగా ముగించేశాను.

మూడు వారాల తర్వాత, సోమవారం మధ్యాహ్నం, ఫోను మోగింది. పక్క కుర్చీలో కార్లీన్ సీసాలోంచి మీగడలో నానిన హెరింగ్ చేపముక్కలు వేళ్లతో తీసుకుని తింటోంది. ఆ పులుపు వాసన నా బల్లదాకా కొడుతోంది.

"నీళ్ల ఆఫీసేనా? నేను సోల్వే హాగెన్‌ని, ఎల్క్ బెండ్ నుంచి. తల్లులు పనికెళితే పిల్లల్ని చూసుకుంటా."

"చెప్పండమ్మా."

"మీ బొమ్మలో మా ఊరి గీత అన్నిటికంటే పైన బారెడుంది, ఎర్రగా. నొక్కితే వచ్చే కాగితంలో మాత్రం రెండే ఉంది. పది దాటకపోతే భయం లేదంట కదా. ఏది నిజమని బొమ్మ పెట్టిన వారమే ఫోన్ చేసి అడిగా. బొమ్మ అందానికమ్మా, కాగితం నమ్మండి అందొకావిడ. నమ్మా. నా దగ్గర నాలుగు నెలల పాపుంది బాబూ. పాలపొడి ఆ నీళ్లతోనే కలుపుతున్నా. పొద్దున్నుంచి దాని పెదాలు నీలంగా కనిపిస్తున్నాయి. చలికా, నీళ్లకా?"

"ఒక్క నిమిషం ఉండండి. ఆ నీళ్లు మాత్రం ముట్టకండి."

ఫోను హోల్డులో పెట్టి, ఏ నంబరు సీసా ఏ ఊరిదో రాసిన జాబితా తీసి, పై గీతను నొక్కాను. వచ్చింది అడుగున ఉన్న రోజ్ ప్రైరీ కాగితం. అడుగు గీతను నొక్కాను. ఎల్క్ బెండ్, ఇరవై ఏడు. రెండోది నొక్కితే ఎనిమిదోది, మూడోది నొక్కితే ఏడోది. చార్టు గీసేవాడు నేలనుంచి పైకి కొలుస్తాడు. వెబ్ పేజీ పైనుంచి కిందికి కొలుస్తుంది. మా వృత్తిలో చేరిన మొదటి వారమే ఎవడికైనా తెలిసే సంగతి. నేను గళ్లన్నీ కిందినుంచి పరిచాను.

మరి పరీక్షించలేదా అంటారు. పరీక్షించాను, ఒక్క గీత. ఐదోది, మా సొంత ఊరు డన్మోర్. తొమ్మిదిటిలో ఎటునుంచి లెక్కపెట్టినా ఐదోదిగానే ఉండే గీత అదొక్కటే. మా ఇంటి నీళ్లు బాగున్నాయని చూసుకుని కాఫీకి లేచిపోయాను. ఆ క్షణంలో హెరింగ్ కంటే నా ఒంటి వాసనే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

కార్లీన్ తెర వైపు వంగింది. "సరిచెయ్యడానికెంతసేపు?"

"ఐదు నిమిషాలు."

"మరింకేం! గప్‌చిప్‌గా సరిచెయ్యి. ఆవిడకి ఉత్తరం పంపిస్తామని చెప్పు."

"పాప పెదాలు నీలంగా ఉన్నాయంటోంది."

"మనమేమన్నా డాక్టర్లమా? తప్పు మాదే అన్నావంటే రేపు లాయర్లు దిగుతారు. ఉన్న పెన్షన్ పోగొట్టుకుంటావ్, చూసుకో."

"బొమ్మ అందానికి అన్నది మీరేనా?"

ఆమె వేళ్లు నాక్కుంది. "ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలిగా రోల్ఫ్!"

మూడు వారాలుగా రోజ్ ప్రైరీ వాళ్లు బంగారంలాంటి నీళ్లు పారబోసుకుని సీసాల నీళ్లు పెట్టెలకొద్దీ కొనుంటారు. ఎల్క్ బెండ్ వాళ్లు పిల్లలకు విషం కలిపిచ్చుంటారు. అంతా నా చేతి చలవ. ఫోనెత్తాను.

"సోల్వే గారూ, బొమ్మే నిజం. మీ నీళ్లలో ఉన్నది ఇరవై ఏడు. నొక్కే గళ్లు నేనే తలకిందులుగా పెట్టాను. పాపను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నైట్రేటు ఇరవై ఏడని డాక్టరుకు చెప్పండి. నన్ను క్షమిం..."

"అదంతా తర్వాత. నీ పేరేంటి?"

"రోల్ఫ్ డుబిస్కీ."

"రోల్ఫ్, ఈ బోరుమీద ముప్ఫై ఒక్క ఇళ్లున్నాయి. పక్కింట్లో కూడా చంటిదుంది. నా ముందు ఏడవకు, వాళ్లకి ఫోన్ చెయ్యి."

ఠక్కున పెట్టేసింది.

"ఆ రిసీవర్ కింద పెట్టు," అంది కార్లీన్. పెట్టలేదు. ఎల్క్ బెండ్ ఇళ్ల జాబితా ముందేసుకుని పక్కింటి నంబరు నొక్కాను. మగ గొంతు పలికింది, వెనకాల చంటిది కేర్‌మంటోంది. "మీ కుళాయి నీళ్లు తాగకండి, మరగబెట్టినా తాగకండి," అన్నాను, పేరైనా చెప్పకుండా.

ఎత్తనివాళ్లకు మళ్లీ మళ్లీ చేస్తూ, గంటన్నర తర్వాత పదకొండో ఇంటితో మాట్లాడుతుండగా రెండో లైను వెలిగింది. సోల్వే. "పాపకు మందెక్కించారు. పెదాల రంగు మామూలవుతోందంటున్నారు. నువ్వెన్నో ఇంటి దగ్గరున్నావ్?"

"పదకొండు."

"నత్తలా పాకుతున్నావేంటయ్యా!" అంది.

పన్నెండో నంబరు నొక్కాను.