రేగులగుట్ట దీవిలో మొక్కు మేక

నవంబరు రెండో ఆదివారం పొద్దున పదకొండు దాటాక రేగులగుట్ట దీవి మీద ఒక మేకపోతు ఒళ్లు విదిలించుకుంది. అప్పుడు అక్కడ ఐదుగురు ఉన్నారు. విదిలించుకున్న మాట నిజమేనని ఐదుగురూ చెప్పారు. ఏ ప్రశ్నకు విదిలించుకుందో మాత్రం తేలలేదు.

ఆ వచ్చే శుక్రవారం అరుణ్ షార్జా విమానం ఎక్కాలి. ఎక్కాలా వద్దా అన్నది ఆ ప్రశ్న మీద ఆగింది.

రేగులగుట్ట మొదటినుంచీ దీవి కాదు. మంచిర్యాల నుంచి గంట ప్రయాణంలో గోదావరి ఒడ్డున రేగులపల్లి అనే ఊరు ఉండేది. ఊరి వెనుక గుట్ట. గుట్ట మీద వేపచెట్టు కింద పోశమ్మ రాయి. ప్రాజెక్టు నిండినప్పుడు ఊరు నీళ్ల కిందికి పోయింది, గుట్ట మిగిలింది. ఊరివాళ్లకు రోడ్డు పక్కన కాలనీ కట్టించారు.

అరుణ్ మొదటిసారి షార్జా పోయినప్పుడు ఊరు ఊరుగానే ఉంది. అతని తల్లి పోశవ్వ ఒక మేకపిల్ల ఎడమ చెవికి రెండు గంట్లు పెట్టి, పోశమ్మ పేరున వదిలింది. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఆ మేక పోశమ్మ తల్లికే బలి అని మొక్కింది. అట్లా వదిలిన మేక ఎవరిదీ కాదు. దానికి తాడు కట్టరు. ఎవరి చేలో పడ్డా కొట్టరు.

ఊరు ఖాళీ చేసిన రోజు జనం తలుపులు, కిటికీలు, గూనపెంకులు, గొర్రెలు, కోళ్లు అన్నీ బండ్లకెత్తుకున్నారు. మొక్కు మేకకు తాడు కట్టకూడదు కాబట్టి దాన్ని వదిలేశారు. నీళ్లు పెరిగే కొద్దీ అది పైకి ఎక్కింది.

అరుణ్ కరోనా ఏడాది తిరిగొచ్చాడు. క్షేమంగానే వచ్చాడు. అప్పటికి మేకకూ పోశవ్వకూ మధ్య నీళ్లున్నాయి. అతను మంచిర్యాలలో ఆటో నడుపుకున్నాడు. మొక్కు అట్లాగే ఉండిపోయింది.

తర్వాత రంజిత్ వచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో పక్షుల ఫొటోలు. నీటికాకుల కోసం వచ్చి, గుట్ట అంచున రాయి మీద నిలబడ్డ మేకపోతును ఫొటో తీశాడు. కింద ఇట్లా రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు: "దక్కన్‌లో అంతరించిందనుకున్న అడవిమేక జాతిలో ఇది చివరిది కావచ్చు. ఎడమ చెవి మీద రెండు గంట్లు ఈ జాతికి ప్రత్యేకం."

జనం రావడం మొదలైంది. మంచిర్యాలకు చెందిన అతీక్ తన చేపల బోటుకు రంగు వేయించి సీట్లు బిగించాడు. ఒడ్డున బోర్డు పెట్టాడు. బోర్డు మీద మేక బొమ్మ, కింద మూడు వాక్యాలు: జంతువులను తాకరాదు. ఆహారం పెట్టరాదు. అరవరాదు.

అతీక్ తండ్రి ఖయ్యూం మేకల బేరగాడు. వారం వారం రేగులపల్లికి వచ్చేవాడు. ఈ మేక ఎవరిదో అతీక్‌కు తెలుసు. కాలనీలో అందరికీ తెలుసు. బోర్డు పక్కన చాయ్ అమ్మేది, చేపలు వేయించేది కాలనీ వాళ్లే. రంజిత్‌కు ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

శనివారం పోశవ్వ బోటు దగ్గరికి వచ్చింది.

"అతీకూ, రేపు మా పోతు కాడికి పోవాలె."

"ఏ పోతు అవ్వా?"

"బోర్డు మీద బొమ్మేసినవు గదా, గదే."

అతీక్ బోర్డు వైపు చూశాడు. "అది అడవిమేకనట అవ్వా. పట్నం సారు రాసిండు."

"దాని చెవు కోసింది నేను. కోస్తుంటె పట్టుకున్నది మీ అయ్య."

"పట్టుకున్నడు, నేనెక్కడ కాదంటున్న? జర మెల్లగ మాట్లాడు, గిరాకి ఇంటది."

"శుక్రారం నా కొడుకు మల్ల పోతుండు. పాత మొక్కు తీరకుంట ఇమానం ఎట్ల ఎక్కుతడు? నువ్వే చెప్పు."

"పోతు మీద పసుపు నీళ్లు పోసుకో అవ్వా. నీ తల్లికి నేను అడ్డం రాను. కత్తి మాత్రం నా బోటెక్కదు. తల్లి ఒప్పుకున్నదనుకో, గప్పుడు చూస్కుందం. గింతకంటె మంచి పోతును నేనే దేవులాడి తెస్త."

"తల్లి మారుబేరం ఆడదు."

"ఆమె ముంగట మా అయ్య అసొంటోడు కూసుంటె ఎందుకాడదు?"

పోశవ్వ నవ్వలేదు. పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లింది.

మొక్కు మేకను కోసే ముందు దాని వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలించుకుంటే, అంటే జాడిస్తే, తల్లి ఒప్పుకున్నట్టు. కదలకుండా నిలబడితే ఎక్కడో లోటు ఉన్నట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఆ లోటు ఏమిటని ఒక్కొక్కటిగా అడగాలి. ఏ మాటకు మేక విదిలించుకుంటే అదే జవాబు. కాలనీలో ఒకరి ఇంట్లో ఈ జవాబు మీద జమ్మికుంట సంబంధం తప్పిపోయింది. పిల్లాడిని వద్దన్నది మేకేనని ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ చెప్తారు.

ఆదివారం బోటులో పోశవ్వ, అరుణ్, అతని భార్య సృజన ఎక్కారు. రంజిత్ అప్పటికే ముందు సీటులో కూర్చుని ఉన్నాడు. దిగమనడానికి అతీక్‌కు కారణం దొరకలేదు.

"వీళ్లు గుట్ట మీది దేవతకు, మేకకు మొక్కుతరు సార్," అన్నాడు.

"అడవిమేకకు కూడా పూజ చేస్తారా?"

"చేస్తరు సార్."

పోశవ్వ చీర మీద లైఫ్ జాకెట్ తొడుక్కుంది. ఒళ్లో ఇత్తడి చెంబు, వేపకొమ్మలు, సీసాలో కల్లు. బోటు కొంత దూరం పోయాక అడిగింది.

"మన ఇల్లు ఏ కాడికి వస్తదిరా?"

"దాటినం అవ్వా," అన్నాడు అరుణ్.

అతను వెనుక, అతీక్ పక్కన కూర్చున్నాడు. "భాయ్, రెండో బోటు దింపుతనంటివి?"

"దింపుదునే. నడిపెటోడేడి? ఈత వచ్చినోడు మోటరు రాదంటడు, మోటరు వచ్చినోడు ఈత రాదంటడు."

అరుణ్‌కు రెండూ వచ్చు.

దీవికి పడమటి వైపు బోటు ఆగదు. అలలు గుట్టను కోసేశాయి. రెండు నిలువుల ఎత్తున రాయి బయటపడింది, రాతి సందుల్లోంచి వేర్లు వేలాడుతున్నాయి. ఎండిపోయిన తాటిచెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. రాళ్ల మధ్య నుంచి నీటికుక్కలు తలలెత్తి చూసి మునిగాయి. తూర్పు వైపు బండ మీద మొసలి పడుకుని ఉంది. రంజిత్ కెమెరా ఎత్తాడు.

"గది మా మిరపకాయలు ఎండవోసే బండ," అంది పోశవ్వ.

"ఇప్పుడు దానిదే అత్తమ్మ," అంది సృజన.

మొసలికి దూరంగా, ఉత్తరం వైపు దిగారు. పోశమ్మ రాయి నీటి అంచుకు వచ్చింది. వేపచెట్టు సగం వంగింది. పోశవ్వ రాయికి పసుపు పూసి, కల్లు ధారపోసి, వేపకొమ్మ పట్టుకుని నాలుక చప్పరించింది. మేకపోతు రాళ్ల మీది నుంచి దిగి వచ్చి వేపాకు అందుకుంది.

"ఆహారం పెట్టకూడదు కదా?" అన్నాడు రంజిత్.

"అది మొక్కు సామాను సార్, ఆహారం కాదు," అన్నాడు అతీక్.

పోశవ్వ చెంబులోని పసుపు నీళ్లు మేక వీపు మీద పోసింది. మేక వేపాకు నములుతూ నిలబడింది.

"ఆలస్యమైందని అలిగినవా తల్లీ? నడుమ గోదారి వచ్చె, నేనేం జేతు?"

మేక నమిలింది.

"కల్లు సీసల తెచ్చిన. కుండ దొరకలే. గందుకా?"

మేక ఇంకో రెమ్మ తెంపుకుంది.

"సృజన అమ్మగారోళ్లను పిలువలే. గదా కోపం?"

"నడుమ మా అమ్మగారోళ్లేం జేసిన్రు?" అంది సృజన.

"అడుగుతున్న బిడ్డా, అంటలేను."

అతీక్ ముందుకు వచ్చాడు. "అవ్వా, నా దిక్కు నుంచి గూడ ఒకటి అడుగు. మా అయ్య దీనికి రేటు గట్టిండు ఒకపారి. మాఫ్ చెయ్యమను."

పోశవ్వ అడిగింది. మేక కదలలేదు.

"మీ అయ్య మీద కోపం లేదు పో."

"షుకర్ హై," అని అతీక్ దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

రంజిత్ వీడియో తీస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "వాళ్లు దానితో మాట్లాడుతున్నారా?"

"ఆ సార్. పాత పరిచయం."

పోశవ్వ చెంబులో మిగిలిన నీళ్లన్నీ మేక మెడ మీద పోసింది. నీళ్లు చెవి దాకా పాకాయి. తల్లీకొడుకులు ఇద్దరూ చేతులు జోడించారు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"నా కొడుకును పోవద్దంటున్నవా తల్లీ?" అంది పోశవ్వ.

"నన్ను మంచిగ పోయి రమ్మంటున్నవా తల్లీ?" అన్నాడు అరుణ్.

మేకపోతు కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించుకుంది. పసుపు నీళ్లు రంజిత్ చొక్కా మీద పడ్డాయి.

"జాడిచ్చింది!" అని అతీక్ అరిచాడు. నీటికాకులు లేచాయి.

ముందటి రోజు, శనివారం దాకా పోశవ్వ కాలనీలో కనిపించిన వాళ్లందరికీ కొడుకును పంపడం ఇష్టం లేదని చెప్పింది. అరుణ్ మంచిర్యాల ఏజెంటుకు ఫోన్ చేసినప్పుడల్లా తయారుగా ఉన్నానని చెప్పాడు. ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. మేక విదిలించుకున్నాక మొదట మాట్లాడింది అరుణ్.

"పోవద్దన్నది అవ్వా."

"లేదు బిడ్డా. నీ మాటకే జాడిచ్చింది. మంచిగ పోయి రమ్మన్నది."

"నువ్వే ముందు అడిగినవు."

"నీ మాట అయినంకనే అడిగిన. నాకు ఎరుక లేదా?"

"నీకు సరిగ ఇనవడలే అవ్వా."

"నా చెవులు మంచిగున్నయి. తల్లి పొమ్మన్నంక నిన్ను ఆపెటందుకు నేనెవలను?"

"నేను పోతనని ఎవలన్నరు?"

"ఇమానం టికెట్ ఎవలు కొన్నరు మరి?"

ఇద్దరూ సృజన వైపు చూశారు.

"నాకు నీళ్ల సప్పుడే ఇనవడ్డది," అంది సృజన. "మల్లొకపారి పోసి ఒక్కొక్కలు అడుగుండ్రి."

"తల్లికి ఏమన్న చెవుడా, రెండుసార్లు అడుగ?" అంది పోశవ్వ.

అతీక్‌కు వీడియో గుర్తొచ్చింది. రంజిత్ ఫోన్ తెరిచి చూపించాడు. మేక ఉంది, చెంబు ఉంది, ఇద్దరి పెదవులూ కదిలాయి. శబ్దం లేదు.

"గాలి హోరు వస్తుందని మైక్ ఆపేశాను," అన్నాడు. "దీనికి వేణువు సంగీతం పెడతాను."

తిరుగు ప్రయాణంలో పోశవ్వ అసలు సంగతి ఎత్తింది. "ఏ మాటకైతేంది, జాడిచ్చుడైతె జాడిచ్చింది. పోతు తల్లిదే. ఎప్పుడు తోలుకపోవాలె?"

"గదెట్ల అవ్వా?" అన్నాడు అతీక్. మోటరు వేగం తగ్గించాడు. "పోయి రమ్మన్నదనుకో, మొక్కు తీర్చాలె. పోవద్దన్నదనుకో, లోటు ఇంకా ఉన్నట్టు. లోటు పెట్టుకోని కోస్తవా? ఏదో ఒకటి తేలేదాక దాన్ని ముట్టొద్దు."

పోశవ్వ బోటు ఒడ్డుకు చేరేదాకా ఆలోచించింది. "గదీ నిజమే," అంది.

మంగళవారం రంజిత్ వీడియో పెట్టాడు. మనుషులు దగ్గరికి వస్తే ఒళ్లు విదిలించి పలకరించడం ఈ అడవిమేక ప్రత్యేకత అని రాశాడు. బుధవారం బోటు దగ్గర కార్లు రోడ్డు దాకా ఆగాయి. అతీక్ ఎగువ నుంచి రెండో బోటు కిరాయికి తెప్పించాడు. సాయంత్రం కాలనీకి వచ్చి అరుణ్ ఇంటి ముందు నిలబడ్డాడు.

"నడుపుతవా? షార్జా అంత ఇయ్యలేను, ముందే చెప్తున్న."

"అవ్వను అడుగు," అన్నాడు అరుణ్.

పోశవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "నన్నెందుకు అడుగుడు? తల్లి చెప్పింది నేను చెప్పిన. నా కొడుకు ఇనకపోతె నేనేం జెయ్య?"

అప్పుడే ఏజెంటు ఫోన్ వచ్చింది. అరుణ్ స్పీకర్‌లో పెట్టాడు.

"సామాను సర్దుకున్నవా అరుణ్? శుక్రారం పొద్దుగాలనే స్టేషన్ల ఉండాలె."

"వస్తలేనన్న."

"ఏమైందిరా? వీసా కొట్టిచ్చుకోని గిప్పుడా చెప్పేది?"

"మా తల్లి ఒప్పుకుంటలేదన్న."

"ఏ తల్లి? మీ అవ్వనా, గుట్ట మీది పోశమ్మనా?"

"ఇద్దరు."

పోశవ్వకు ఆ మాట వినిపించింది. ఆమె చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు. కాదని చెప్పలేదు.

"కంపెనోళ్లు మళ్ల నీ పేరు తియ్యరు, చూస్కో," అన్నాడు ఏజెంటు.

"తియ్యకపోతె తియ్యకపోనీ."

సృజన లోపలికి వెళ్లి, సర్దిన సూట్‌కేసు తెరిచి, పచ్చళ్ల డబ్బాలు బయటికి తీసి అటక మీద పెట్టింది.

శుక్రవారం షార్జా విమానం సమయానికి హైదరాబాద్ నుంచి వెళ్లింది. ఆ సమయానికి అరుణ్ రెండో బోటులో పదకొండు మందిని రేగులగుట్టకు తీసుకెళ్లాడు. వాళ్లు మొసలిని, నీటికాకులను చూశారు. మేకపోతు ఆ రోజు కనిపించలేదు.